దసరాకు ఫుకెట్ వద్దు, బాలి పోండ్రి

దసరా సెలవులల్ల వారంల థాయిలాండ్ల ఫుకెట్, ఇండోనేసియాల బాలి, సింగపూర్ మూడూ చుట్టి రావచ్చని ఒకాయన రాసిండు. మంచిగనే ఉన్నది, గని వానల ముచ్చట యాడ చెప్పలే. మే నుంచి అక్టోబర్ దాక ఫుకెట్ దిక్కు నైరుతి వానలే. సముద్రం పోటుమీద ఉంటది, నీళ్లల్ల దిగొద్దని బీచిల ఎర్రజెండాలు పాతుతరు. ఆ దిక్కే ఉన్న సిమిలాన్ దీవులైతే అక్టోబర్ నడుమ దాక మూసే ఉంటయి. ఫుకెట్ సంక్రాంతికి పోయే జాగ.

బాలిల అప్పటికి ఇంకా వానల్లేని కాలమే. పొద్దుగాల ప్రతి దుకాణం ముంగట దేవునికని కొబ్బరాకు దొప్పల పూలు, అగర్‌బత్తి పెడుతరు, తొక్కకుండ నడువాలె. ఆ పూజలు చూస్తే మా పాలమూరు పెద్దమనుషులకు ఆ ఊరు పరాయిదనిపియ్యది.

సింగపూర్‌కు ముందే వీసా కావాలె, ఖర్చు గూడ ఎక్కువ. దాని బదులు కౌలాలంపూర్ల రెండు రోజులుండి, మూడు గంటల విమానంల బాలి పోవచ్చు. కౌలాలంపూర్ దగ్గర బటు గుహల గుడి కాడ 140 అడుగుల మురుగన్ విగ్రహం కిందికెల్లే కనవడతది. పైకి 272 మెట్లు, మోకాళ్ల నొప్పులున్నోళ్లను ఎక్కియ్యకుండ్రి. కోతులున్నయి, చేతుల పండ్లు పట్టుకోవద్దు.