కొవ్వు శాతం చెప్పే గాజు త్రాసుగారికి విన్నపం

మహారాజశ్రీ గాజు త్రాసుగారి సముఖమునకు,

గుంటూరు బ్రాడీపేట నుంచి, తమపై నిత్యం పాదాలు మోపే అపరాధి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

నా దేహంలో కొవ్వు 27.4 శాతమని తమరు సెలవిచ్చినప్పుడు, ఆ దశాంశ బిందువును చూసి మా ఇంటిల్లిపాదీ నివ్వెరపోయాము. అయితే అంత సూక్ష్మంగా లెక్కగట్టిన తమరు నా పొట్ట వైపు ఎప్పుడు చూశారన్నదే నా సందేహం. తమరు పంపే సన్నని విద్యుత్తు ఒక కాలి గుండా ఎక్కి రెండో కాలి గుండా దిగిపోతుంది. అది ముఖ్యంగా పలకరించేది కాళ్లనే గాని, వివాదానికి మూలమైన నడుము పైభాగాన్ని కాదు. ముద్దాయిని పిలవకుండానే తీర్పు చెప్పడం తమకే చెల్లింది.

నిజానికి తమరు కొలిచేది కొవ్వును కాదు, విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధాన్ని. నీరు నిండిన కండరం విద్యుత్తును సులువుగా పోనిస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. ఆ నిరోధాన్ని బట్టి ఒంట్లో నీరెంతో ఊహించి, కొవ్వు కాని భాగంలో నీరు సుమారు 73 శాతం ఉంటుందన్న నమ్మకంతో, మిగిలిన బరువునంతా కొవ్వు పద్దులో వ్రాస్తారు. మా మిర్చి యార్డులో కాయల్లో తేమ ఉంటే బరువుకు తరుగు తీస్తారు. తమరు తేమను చూసి కొవ్వుకు వెల కడతారు. రోహిణీ కార్తె ఎండలో చెమటోడ్చి వచ్చిన మనిషికీ, పెళ్లి భోజనం చేసి మంచినీళ్లు తాగి వచ్చిన అదే మనిషికీ తమరు వేర్వేరు అంకెలు చెప్పడంలో ఆశ్చర్యమేముంది?

ఆశ్చర్యపడవలసింది ఫోనులోని తమ గుమాస్తాను చూసి. ‘క్రీడాకారుడు’ అన్న గడిని నొక్కగానే, నేను కుర్చీలోంచి లేవకుండానే, నా కొవ్వు తగ్గిపోయింది. వయస్సు పెంచి వ్రాస్తే లెక్క మళ్లీ మారింది. అంటే తమరు నన్ను తూచి, ఆపైన నా వయస్సు, లింగం, ఎత్తు చూసి, అలాంటివాళ్లకు సాధారణంగా ఎంత ఉంటుందో చెబుతున్నారన్నమాట. ఇంతకంటే మా పక్కింటి పిన్నిగారే నయం, ఆవిడ కనీసం మనిషిని ఎగాదిగా చూసి మరీ అంటుంది.

తమ దాయాదుల గోత్రమూ ఇదే. చర్మపు మడతను పట్టి కొలిచే కాలిపర్‌కు కొలిచేవారి వేళ్లే ఆధారం. 1974లో డర్నిన్, వోమర్స్‌లీ ఆ మడతల నుంచి కొవ్వు లెక్కగట్టడానికి ఇచ్చిన ప్రసిద్ధ సమీకరణం గ్లాస్గో జనాన్ని కొలిచి తయారైనది. ఊపిరి వదిలేసి నీటి తొట్టిలో మునిగే పద్ధతి దేహ సాంద్రతను చెబుతుంది, దానిని సిరి అనే శాస్త్రవేత్త 1961 నాటి సూత్రం కొవ్వు శాతంగా మారుస్తుంది. (విజయవాడ వెళ్లి కృష్ణలో మునిగితే పుణ్యం వస్తుందేమో గాని శాతం రాదు.) రెండు శక్తుల ఎక్స్-రే కిరణాలతో ఎముకనూ కొవ్వునూ కండనూ విడదీసే డెక్సా వీరందరిలో పెద్దమనిషి, అయినా ఆయన కూడా యంత్రం మారితే కొంత మాట మారుస్తాడు. కొవ్వును నిజంగా త్రాసులో వేసి తూచాలంటే ముందు మనిషి పోవాలి. ఆ ముచ్చటకు నేను తొందరపడటం లేదు.

ఇక బీఎంఐ, అంటే కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, దాని సంగతి. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఫోటోలను పక్కపక్కనే ప్రచురించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3; కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మనవాడికి 21.2. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు దాచుకోవడం మన దేశీయుల విద్య గనుకనే, పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్ల నడుము కొలతను మనకు హద్దుగా పెట్టారు. దర్జీ టేపు కొవ్వు శాతం చెప్పదు, చెబుతానని బుకాయించదు, కానీ పొట్టను మాత్రం నేరుగా పలకరిస్తుంది.

కావున మనవి చేయునదేమనగా, 27.4 అనడం మాని, ‘ఇరవై మూడుకూ ముప్పై రెండుకూ నడుమ ఎక్కడో’ అని సెలవివ్వండి. అంత మాట అనడానికి బిడియమైతే, ఒక్క బరువు చెప్పి ఊరుకోండి. ఆ పని తమరికి బాగా వచ్చు.

ఇట్లు,
తమ లెక్కలో నాలుగో వంతుకు పైగా కొవ్వైన,
బ్రాడీపేట వాస్తవ్యుడు