అడవిలో గడ్డి మందు వద్దు

పశ్చిమ ప్రకాశంలోని నల్లమలలోనూ, నెల్లూరు వైపు వెలిగొండల్లోనూ లాంటానా పొదలు, సర్కారు తుమ్మ పెరిగిపోతున్న మాట కాదనలేనిది. దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా లాంటానా బారిన పడ్డాయని 2020లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. దాని కింద గడ్డి మొలవక దుప్పులకు, పశువులకు మేత కరవవుతోంది కనుక దాన్ని తొలగించాల్సిందే. అయితే కూలి ఖర్చు కలిసొస్తుందని, పని త్వరగా తెములుతుందని ప్రభుత్వ అడవుల్లో గడ్డి మందు చల్లే ఆలోచనను మాత్రం మేము గట్టిగా వ్యతిరేకిస్తున్నాం.

గ్లైఫోసేట్ అనే గడ్డి మందుకు లాంటానా, ఉసిరి అనే తేడా తెలియదు. ఆకు మీద పడి వేరుదాకా దిగి, పచ్చగా ఉన్న ప్రతి మొక్కనూ మాడుస్తుంది. పైగా ఆ మాడడం ఆ రోజే కనబడదు. మందు పడ్డ ఆకు నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం దాటినా పచ్చగానే ఉంటుంది. ఆ రోజుల్లోనే దోర్నాల, యర్రగొండపాలెం గూడేల చెంచు మహిళ అడవికి వెళ్లి కూరాకు కోసుకుంటుంది, మేకల కాపరి మందను అటే తోలుకెళ్తాడు. ఏ పొద మీద మందు పడిందో వారికి చెప్పేవారుండరు. 2022 అక్టోబరులో కేంద్రం ఈ మందును చీడ నియంత్రణ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని నోటిఫికేషన్ ఇచ్చింది. అలాంటి ఆపరేటర్లతోనే చల్లిస్తామంటే సరిపోదు. లైసెన్సు ఉన్నవాడు చల్లినా ఆ ఆకు కోసుకునేవారికి రక్షణ ఏమీ ఉండదు. ఇది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో వర్గీకరించింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు దానితో విభేదించాయి, నిజమే. ఆ వివాదం తేలకుండా గిరిజనుల తిండి మీద దాన్ని చల్లే హక్కు మాత్రం ఎవరికీ లేదు. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కును 2006 అటవీ హక్కుల చట్టం వారికే ఇచ్చింది.

నీటి సంగతి మరీ ఆలోచించదగినది. ఈ మందు మట్టిని గట్టిగా అంటిపెట్టుకుంటుంది కనుక నీళ్లలో కలవదని అమ్మేవారు చెబుతారు. చదును నేలలో ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమో గానీ, నల్లమల వాలుల మీద ఒక్క పెద్ద వానకు మట్టే వాగుల్లోకి కొట్టుకొస్తుంది. ఆ వాగులు గుండ్లకమ్మలో, అక్కడి నుంచి కంభం చెరువులో కలుస్తాయి. ఇప్పటికే ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన ప్రాంతమిది.

ఇంతా చేస్తే లాంటానా పోతుందా అంటే, నిలబడ్డ పొద చస్తుందే తప్ప మట్టిలోని గింజ చావదు. బోడి నేల మీద తొలకరికి ముందుగా మొలిచేది అదే. ఎండిన కంప వేసవి కార్చిచ్చుకు ఎండు పుల్లలా అందివస్తుంది.

వేరే దారి లేక కాదు. కెనడాలోని క్విబెక్ 2001 నుంచే ప్రభుత్వ అడవుల్లో రసాయన కలుపు మందులు మానేసి, అక్కర్లేని మొక్కలను మనుషులతో, యంత్రాలతో కొట్టిస్తోంది. మన దేశంలోనే ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవుల్లో మందు చుక్క వాడకుండా లాంటానాను తొలగించి చూపింది. కాండం భూమిలోకి దిగేచోట నేలకు కాస్త లోతున వేరు నరికి, పొదను తలకిందులుగా పెడితే అది మళ్లీ చిగురించదు. దీనికి కావలసింది గడ్డపలుగు, ఆ పని తెలిసిన చేతులు. రెండూ గూడేల్లో ఉన్నాయి, పనిలేని నెలలూ ఉన్నాయి.

ఈ రెండు ప్రాంతాల అడవుల్లో కలుపు మందు వాడబోమని అటవీశాఖ లిఖితపూర్వకంగా ప్రకటించాలి. తొలగింపు పనిని గ్రామసభల ద్వారా స్థానికులకే, గిట్టుబాటు కూలికి అప్పగించాలి. పీకిన చోట వెంటనే స్థానిక గడ్డి విత్తనం చల్లించి, కనీసం మూడు వానాకాలాలు అక్కడ తిరిగి మొలిచిన లాంటానాను చేత్తో ఏరించేందుకు అయ్యే ఖర్చును మొదటి ఏడాది అంచనాల్లోనే చేర్చాలి.