చెంచులు 64,227 మంది: ఈ లెక్కలో పెంట ఎక్కడుంది?

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఎక్కువగా నల్లమల అడవుల్లో ఉండే చెంచు తెగ జనాభా 64,227. అంతకు పదేళ్ల ముందు, 2001లో, వారి సంఖ్య 49,232. అంటే పదేళ్లలో ముప్ఫై శాతం పెరిగారన్నమాట. అదే కాలంలో రాష్ట్ర జనాభా సుమారు పదకొండు శాతమే పెరిగింది. ఈ రెండు శాతాలను పక్కపక్కన పెట్టి, "చెంచులకేమైంది, అందరికన్నా వేగంగా పెరుగుతున్నారు గదా" అని ఒక అధికారి నాతో అన్నారు. ఆ మాటకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఒక చిన్న తెగ సంఖ్య పెరగడానికి కాన్పులొక్కటే కారణం కానక్కరలేదు. గతంలో గణకులు వెళ్లని పెంటలకు, అంటే అడవి లోపలి చెంచుల చిన్న గూడేలకు, ఈసారి వెళ్లి ఉండవచ్చు. గతంలో వేరే పేరుతో నమోదైన కుటుంబాలు ఈసారి తమ తెగ పేరు చెప్పి ఉండవచ్చు. కోట్ల జనాభాలో ఇలాంటి మార్పులు కలిసిపోతాయి గాని, యాభై వేల మందిలో కొన్ని వందల ఇళ్లు చేరినా, జారిపోయినా శాతమే తారుమారవుతుంది. కాబట్టి ఆ ముప్ఫై శాతం చూసి చెంచుల ఆరోగ్యం బాగుందని తేల్చడం అన్యాయం.

అసలు లోపం పట్టికల్లోనే ఉంది. ఒక్కొక్క తెగ జనాభాను జనగణన రాష్ట్రానికి, జిల్లాకు ఇస్తుంది. గ్రామం దగ్గరికి వచ్చేసరికి "షెడ్యూల్డు తెగలు" అనే ఒకే గడిలో అందరినీ కలిపేస్తుంది. నల్లమల చుట్టుపక్కల గ్రామాల్లో లంబాడీలు, ఎరుకలవారు కూడా ఉన్నారు గనుక ఆ గడిలో చెంచులెందరో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. పైగా పట్టికలో వరుస దక్కేది రెవెన్యూ గ్రామానికే గాని, అడవి లోపల పది పదిహేను గుడిసెలున్న పెంటకు కాదు. మంచినీళ్లు, అంగన్‌వాడీ, దారి కావలసింది ఆ పెంటకే. రాష్ట్రం విడిపోయాక 47,315 మంది ఆంధ్రప్రదేశ్ లెక్కలోకి, 16,912 మంది తెలంగాణ లెక్కలోకి వెళ్లారు. కృష్ణకు ఇరువైపులా ఉన్న అడవి ఒకటే, వియ్యాలూ ఒకటే అయినా వారి గోడు వినవలసిన ప్రభుత్వాలు మాత్రం రెండయ్యాయి.

గదబలనే మరో తెగ సంగతి ఇంకా కష్టం. బోడో గదబ, గుటోబ్ గదబలను ప్రభుత్వమే ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ సమూహాలుగా గుర్తించింది. కానీ షెడ్యూల్డు తెగల జాబితాలో వారు ఇతర గదబ శాఖలతో కలిసి ఒకే పద్దులో ఉండడం వల్ల జనగణన పట్టికలో వారికంటూ ఒక సంఖ్యే కనిపించదు.

అండమాన్‌లోని సెంటినలీస్ తెగ విషయం చూడండి. 2001లో 39 మంది, 2011లో 15 మంది అని అచ్చయింది. ఆ దీవిలో అడుగుపెట్టకుండా దూరం నుంచి కంటికి కనిపించినవారిని లెక్కపెట్టి వేసిన సంఖ్యలవి. అయినా పట్టికలోకి ఎక్కాక, ఇంటింటికీ తిరిగి రాసుకున్న సంఖ్యకున్నంత అధికారం వాటికీ వచ్చేసింది.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడుతూ వచ్చి, ఇప్పుడు 2027 మార్చి 1ని గణన తేదీగా ప్రకటించారు. అంటే 2023 నవంబరులో ఆదిమ సమూహాల కోసమే పీఎం జన్‌మన్ పథకాన్ని ప్రారంభించేనాటికి చేతిలో ఉన్న జనగణన పన్నెండేళ్ల కిందటిది. ఈసారైనా గణకుడి వెంట ఆ పెంట మనిషి ఒకరిని పంపాలి. తేనెకో, జిగురుకో అడవిలోకి వెళ్లినవారు తిరిగి వచ్చేదాకా ఆగి ఆ ఇంటిని నమోదు చేయాలి. తెగవారీ లెక్కను జిల్లా దగ్గరే ఆపేయకుండా, వ్యక్తుల వివరాలు బయటపడని రీతిలో ఆవాసం దాకా, వయసులవారీగా ప్రచురించాలి. ఒక పెంటలో అరవై దాటినవారు ఎందరు మిగిలారో ఆ పట్టికలో కనిపిస్తే, ఆ అధికారి దగ్గరికి మళ్లీ వెళ్లి మాట్లాడడానికి నేను సిద్ధంగా ఉన్నాను.