ఫంక్షన్ల కలయికలో ర్యాంక్ ఎందుకు దూరాలి?

జే అనే ప్రోగ్రామింగ్ భాషలో సగటు కట్టే ఫంక్షన్ ఇంతే: (+/ % #). +/ అంకెలన్నీ కూడుతుంది, # ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది, మధ్యలోని % మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తుంది. లూప్ లేదు, డేటాకు పేరు కూడా పెట్టలేదు. మూడు ఫంక్షన్లను పక్కపక్కన పెడితే నాలుగోది తయారైంది. దీన్నే ఫోర్క్ అంటారు. జేకి ముందుతరం భాష అయిన ఏపీఎల్ సృష్టికర్త కెనెత్ ఐవర్సన్, యూజీన్ మెక్‌డానెల్‌తో కలిసి 1989లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది ఐవర్సన్, రోజర్ హుయ్ మొదలుపెట్టిన జేకి ఇది ప్రాణమైంది. ఏపీఎల్ రూపాల్లో ఒకటైన డయలాగ్ ఏపీఎల్‌లోకి రావడానికి మాత్రం 2014 దాకా పట్టింది.

ఇలా జాబితా మొత్తాన్ని ఒకేసారి పట్టే అర్రే భాషలను విమర్శించేవాళ్లు సాధారణంగా ఈ గుర్తులనే తప్పుపడతారు. గుర్తులు పది రోజుల్లో అలవాటైపోతాయి. నన్నడిగితే అసలు చిక్కు వేరేచోట ఉంది: రెండు ఫంక్షన్లను కలపమంటే, జే దాంతోపాటు మరో పని కూడా చేస్తుంది.

1 2 3 అనే జాబితా తీసుకోండి. వర్గాలు కట్టి కూడాలి. *: అంటే వర్గం, @: రెండు ఫంక్షన్లను కలిపే గుర్తు. +/@:*: అని రాస్తే 14 వస్తుంది. @ పక్కనున్న రెండు చుక్కలు వదిలేసి +/@*: అని రాస్తే 1 4 9 వస్తుంది! ఫంక్షన్ ఒకసారికి ఎంత డేటా మీద పనిచేస్తుందో చెప్పేది ర్యాంక్. @ కుడివైపు ఫంక్షన్ ర్యాంక్‌ను మొత్తం కలయికకు అంటగడుతుంది. వర్గం ఒక్కో అంకె మీద పనిచేసేది కాబట్టి, కూడిక కూడా ఒక్కో అంకెకే పరిమితమైపోతుంది. ఎర్రర్ రాదు, తప్పు జవాబు నిశ్శబ్దంగా ముందుకు పోతుంది. పైగా -@*: అన్నా -@:*: అన్నా ఫలితం ఒకటే, ఎందుకంటే రుణ గుర్తు పెట్టే - కూడా ఒక్కో అంకె మీదే పనిచేస్తుంది. అందుకే రెండిటి మధ్య తేడా ఉందన్న సంగతే చాలాకాలం తెలియదు.

ప్రతి ఫంక్షన్‌కూ ర్యాంక్ ఉన్న భాషలో కలయికకూ ఉండాలన్న వాదనలో తర్కం ఉంది. కానీ ఆ ర్యాంక్ కావాలనుకున్నవాళ్లు +/@:*:"0 అని విడిగా రాసుకోవచ్చు ("0 అంటే ఒక్కో అంకె మీద), అదీ 1 4 9 ఇస్తుంది. మార్షల్ లాక్‌బామ్ 2020లో తెచ్చిన బీక్యూఎన్ అనే అర్రే భాష ఈ దారే పట్టింది. అందులో ∘ కలపడం మాత్రమే చేస్తుంది, ర్యాంక్‌కు ⎉ అనే వేరే గుర్తుంది. ఇదే సరైన పద్ధతి.

దశాబ్దాల కోడ్ @ మీద నడుస్తున్నందున జే ఇప్పుడు దాని అర్థం మార్చలేదు. పాఠాల క్రమం మాత్రం మార్చవచ్చు. కొత్తవాళ్లకు మొదట @: నేర్పి, ర్యాంక్ పాఠం పూర్తయ్యాకే @ చూపించాలి.