‘లాయర్ ఎందుకు, ఇచ్చింది తీసుకో’ అంటున్న మెసేజ్‌కు నా జవాబు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: “కారు ప్రమాదంలో దెబ్బలు తగిలితే లాయర్ చుట్టూ తిరగకండి. ఒళ్ళు బాగానే ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చింది తీసుకుని సంతకం పెట్టేయండి. లాయర్లు సగం మింగేస్తారు. మీ తప్పు కొంచెమున్నా కేసు నిలవదు. తొందరేం లేదు, తర్వాతైనా చూసుకోవచ్చు.” మంచి మనసుతోనే పంపుతున్నారేమో. కానీ నమ్మితే నష్టపోయేది అసలే దెబ్బ తిన్నవాళ్ళు.

‘ఒళ్ళు బాగానే ఉంటే’ అన్న దగ్గరే అసలు చిక్కు. గుద్దుకున్న కంగారులో నొప్పి తెలియదు. నా కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దినప్పుడు దిగి, చుట్టూ ఒకసారి చూసుకుని ఇంటికెళ్ళిపోయాను. రెండో రోజు పొద్దున దిండు మీంచి తల లేవలేదు. రెండు చేతులతో పట్టుకుని లేపుకున్నాను. అదే పూట అవతలి కారు ఇన్సూరెన్స్ వాళ్ళ ఫోన్. “ఎలా ఉన్నారండీ?” అంటే అలవాటు కొద్దీ “బాగానే ఉన్నానండీ” అనేశాను. మర్యాద కోసం అన్న ఆ మాటే తర్వాత నాకు అడ్డం తిరిగింది. తలకు దెబ్బ, లోపల రక్తస్రావం లాంటివైతే ప్రాణం మీదికే వస్తుంది. అందుకే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ప్రతి చీటీ, ప్రతి బిల్లూ దాచుకోండి.

ఇక సంతకం. ఆ కాగితంలో సాధారణంగా ‘ఈ ప్రమాదం గురించి ఇకపై ఏ క్లెయిమూ చేయను’ అనే ముక్క ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఆపరేషన్ అవసరమని తేలినా ఖర్చు మీ నెత్తిన పడుతుంది. బండికి గీతలు పడి, మనిషికి ఏమీ కాకపోతే లాయర్ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. గాయమైతే మాత్రం ఆ కాగితం లాయర్‌కు చూపించకుండా సంతకం పెట్టకండి.

ఫీజు దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో గాయాల కేసులకు గెలిస్తేనే ఫీజు, సాధారణంగా వచ్చినదాంట్లో మూడో వంతు. ఇండియాలో పరిహారంలో వాటా అడగడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఎక్కడైనా సరే, ఓడితే ఖర్చులెవరివో ముందే రాయించుకోండి.

తప్పు మీ వైపు కొంత ఉంటే చాలాచోట్ల పరిహారం ఆ మేరకు తగ్గుతుందే గానీ మొత్తం పోదు. సీటు బెల్టు పెట్టుకునుంటే అసలు గాయమే అయ్యేది కాదనుకున్న కేసులకు కూడా 1975లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు పెట్టిన కోత 25 శాతమే. మేరీలాండ్, వర్జీనియా లాంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో మాత్రం కాస్త తప్పున్నా మొత్తం పోవచ్చు. అలాంటిచోట లాయర్ అవసరం ఇంకా ఎక్కువ.

‘తొందరేం లేదు’ అన్నది అన్నిటికన్నా చేటు. గాయాల దావాకు మామూలుగా కాలిఫోర్నియాలో 2 ఏళ్ళు, ఇంగ్లండ్‌లో 3 ఏళ్ళు గడువు. కాలిఫోర్నియాలోనే గుద్దింది రాష్ట్ర ప్రభుత్వ వాహనమో, స్థానిక ప్రభుత్వ వాహనమో అయితే 6 నెలల్లో ఆ శాఖకు క్లెయిమ్ ఇవ్వాలి. సాక్ష్యానికి అంత ఆయుష్షు కూడా ఉండదు. చాలా సీసీ కెమెరాల్లో కొన్నాళ్ళకే పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది. లాయర్‌ను వెంటనే పట్టుకుంటే, దాన్ని చెరిపేయొద్దని ఆ కెమెరా ఉన్నవాళ్ళకు ఆ రోజే నోటీసు పంపగలడు.