కంపెనీ వారికి, ఓ వాటాదారు రాయునది

మహారాజశ్రీ ఈస్టిండియా కంపెనీ వారి దివ్య సముఖానికి,

లండన్ లెడెన్‌హాల్ వీధిలోని మీ కచేరీ చిరునామాకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ భవనాన్ని 1861లోనే కూల్చేశారని తెలుసు. ఇప్పుడక్కడ ఇన్సూరెన్స్ వ్యాపారం నడుస్తోంది. నష్టం ఎవరి నెత్తిన వేయాలో లెక్కగట్టే పని కదా, జాగా మహిమ ఎక్కడికీ పోలేదన్నమాట.

మీ గురించి ఎవరైనా చిన్న మాటంటే చాలు, మీ తరఫు వకీళ్లు లేచి నిలబడుతున్నారు. "సామ్రాజ్యాలన్నీ ఒకే తాను గుడ్డలండీ. నాదిర్‌షా దోచుకోలేదా? మంగోలులు నరకలేదా? మన రాజులేమైనా తక్కువ తిన్నారా?" అంటారు. అదీ పైసా ఫీజు లేకుండా. మీ పనులు మా ఖర్చుతో చేయించుకోవడం మీకు పాత అలవాటే కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోలేదు.

వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజమే. అశోకుడు కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టుకుపోయారని తానే రాయి మీద చెక్కించుకున్నాడు. ఆ లెక్క మన కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. (ఆ పశ్చాత్తాప శాసనాన్ని కళింగలో మాత్రం వేయించలేదు. చక్రవర్తికి ఆమాత్రం లౌక్యం లేకపోతే ఎలా?) మంగోలు హులాగూ 1258లో బాగ్దాద్‌ను ఎలా నాశనం చేశాడో తెలిసిందే. ఈజిప్టు రైతు పండించిన గోధుమలు రోమ్ నగరం తిన్నది. కాబట్టి క్రూరత్వంలో మీకు మొదటి బహుమతి ఇవ్వలేను. పోటీ గట్టిది.

అయినా ఆ పాత దుర్మార్గులకు తట్టని ఆలోచన మీకు తట్టింది. ఆ ఘనత మీకు దక్కకుండా వకీళ్లే అడ్డం పడుతున్నారని నా బాధ.

నాదిర్‌షానే చూడండి. 1739లో ఢిల్లీ మీద పడ్డాడు, ఊచకోత కోయించాడు, నెమలి సింహాసనం పట్టుకుపోయాడు. పాపాత్ముడే. కానీ ఒకసారి వచ్చాడు, పోయాడు. ప్రతి ఏడాదీ మార్చిలోగా ఇంత పంపాలని ఢిల్లీలో కలెక్టర్‌ను కూర్చోబెట్టలేదు. ఇక పోకుండా ఉండిపోయినవాళ్లు ఇక్కడి మనుషులే అయిపోయారు. బాబర్ మన దేశంలో మంచి ఖర్బూజాలు దొరకవని సణుగుతూనే ఇక్కడ రాజ్యం పెట్టాడు. ఇరాన్ హమదాన్ నుంచి వచ్చిన సుల్తాన్ కులీ గోల్కొండలో పాతుకుపోతే, ఆయన కొడుకు ఇబ్రహీంను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అంతెందుకు, రోమ్ గద్దె మీద స్పెయిన్‌లో పుట్టిన ట్రాజన్ కూర్చున్నాడు, లిబియాలో పుట్టిన సెవెరస్ కూర్చున్నాడు. క్రీ.శ. 212 నాటికి ఆ సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇచ్చేశారు. పన్నులు గుంజడానికే ఇచ్చారంటారు. ఇచ్చారు కదా!

మరి మీరో? మీ వాటాదారుడు మా ఎండ ఎరగడు, మా భాష ఎరగడు. కొత్త మొగలాయి పాదుషాకు కనీసం కోట కట్టించుకోవాలనో, పొగిడే కవిని పోషించాలనో కోరికలుండేవి. ఆ దుబారా మన తాపీమేస్త్రీలకూ కవులకూ కూడు పెట్టింది. షేరుకు ఏ కోరికా ఉండదు, ఏడాదికోసారి డివిడెండ్ తప్ప. దాని మీద తిరుగుబాటు చేద్దామన్నా ఎవడి కోట ముట్టడించాలి?

1611లో మచిలీపట్నం రేవులో దిగినప్పుడు మీరు ఇలా లేరు. మా అద్దకం బట్టలు కొనడానికి వెండి మోసుకొచ్చేవారు. మీ ఉన్ని బట్టలు మా ఎండల్లో ఎవరు కట్టుకుంటారు మరి! 1765లో మొగలు పాదుషా మీకు బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు, రాసిచ్చాడు. సర్కారు జిల్లాలకు కూడా అప్పుడే ఫర్మానా తెచ్చుకున్నారు. ఇక వెండితో పనేముంది? రైతు దగ్గర శిస్తు వసూలు చేయడం, ఆ శిస్తు డబ్బుతోనే నేతగాడి దగ్గర బట్ట కొనడం, దాన్ని లండన్‌లో అమ్మి లాభం పంచుకోవడం. మా జేబులో చెయ్యి పెట్టి తీసిన డబ్బుతో మా కొట్లోనే బేరమాడటం లాంటిది. ఇది చెంగిజ్‌ఖాన్‌కు తట్టి ఉంటే గుర్రాల మీద అంత శ్రమపడేవాడా?

1770లో బెంగాల్‌ను కరువు కాల్చేసింది. మూడో వంతు జనం పోయారని, అయినా 1771 వసూళ్లు 1768ని మించాయని మీ బెంగాల్ గవర్నర్ వారెన్ హేస్టింగ్స్ ఒకే వాక్యంలో లండన్‌కు రాశాడు. మంగోలులు శవాలు లెక్కపెట్టారు, నాణేలూ లెక్కపెట్టారు. రెంటినీ ఒకే పద్దులో చూపించి భేష్ అనిపించుకునే పద్ధతి మీదే. ఇంత వసూలు చేసీ 1773లో మీ పార్లమెంటు దగ్గర 14 లక్షల పౌన్ల అప్పుకు చెయ్యి చాపారు చూశారూ, అక్కడ మాత్రం నాకు నవ్వు ఆగలేదు.

కాటన్ దొర సంగతి తెస్తారని తెలుసు. గోదావరి జిల్లాల్లో ఆయన బొమ్మకు దండలు వేస్తారు, నాకేం అభ్యంతరం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది, అన్నం పెట్టింది. ఆ మనిషి జీవితమంతా కాలువలకు డబ్బివ్వండని మీ పెద్దలతో పోట్లాడుతూనే ఉన్నాడు. శిస్తు పెరుగుతుందని లెక్క చూపిస్తే గాని మీ చెయ్యి కదల్లేదు. కాకతీయులు పాకాల, రామప్ప చెరువులు తవ్వించింది కూడా ఆదాయం కోసమేననుకుందాం. ఆ ఆదాయం ఓరుగల్లులో ఖర్చయింది, లండన్‌లో కాదు.

ఇప్పుడు అసలు పద్దుకొస్తాను. 1833. గుంటూరు సీమలో నందన కరువు, డొక్కల కరువని ఇప్పటికీ అంటారు. ఆ ఏడే మీ పార్లమెంటు కొత్త చట్టం చేసింది: మీ వ్యాపారం మూసేయాలి, కానీ మీ వాటాదారులకు ఏటా పదిన్నర శాతం చొప్పున 6,30,000 పౌన్లు ఇండియా ఆదాయంలోంచి చెల్లించాలి. వ్యాపారం లేని కంపెనీకి గ్యారంటీ డివిడెండ్! 1857లో జనం తిరగబడ్డారు, అణచడానికైన ఖర్చు మా పేరున రాశారు. మరుసటి ఏడు మీ చేతిలోంచి పాలన పోయింది, డివిడెండ్ పోలేదు. మీ తర్వాత లండన్ నుంచి మమ్మల్ని ఏలిన సర్కారు శాఖ, ఇండియా ఆఫీసువారు, 1867లో టర్కీ సుల్తాన్‌కు లండన్‌లో నాట్యవిందు చేసి ఆ బిల్లు కూడా మాకే పంపారు. పోలికేం పోయింది! 1877 జనవరిలో మద్రాసు ప్రెసిడెన్సీలో జనం కరువుతో రాలిపోతుంటే ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించారు. ఆవిడ ఏలిన దేశంలో ఒక్కసారైనా కాలు పెట్టలేదు.

మిమ్మల్నైతే అంతకుముందే, 1874లో, నూరు పౌన్ల వాటాకు రెండు వందలిచ్చి వదిలించుకున్నారు. మొత్తం కోటీ ఇరవై లక్షల పౌన్లు. ఆ బరువూ ఇండియా ఖాతా మీదే పడింది.

అందుకే ఈ ఉత్తరం. డబ్బు మాది కాబట్టి వాటాలు మావే అయ్యాయి. దయచేసి సర్టిఫికెట్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపగలరు. పోస్టేజీ మాత్రం ఈసారి మీరే పెట్టుకోండి.

ఇట్లు,
అడగకుండానే మీ కంపెనీని కొన్నవాళ్లలో ఒకడు