బార్సిలోనాలో వాహనపూజ మన దగ్గర నేర్చుకున్నది కాదు

ఈ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. బార్సిలోనా పాత నగరంలోని ఒక ఇరుకు వీధిలో కార్లు ఒకదాని వెనుక ఒకటి నెమ్మదిగా కదులుతుంటే, చిన్న గుడి ముందు నిలబడిన పాద్రీ ఒకరు ఒక్కొక్క బండి మీదా పవిత్రజలం చల్లుతున్నారు. దాని కింద మా బాబాయి గారు, ‘చూశారా, మన వాహనపూజ తెల్లవాళ్ళు కూడా నేర్చుకున్నారు’ అని రాశారు. నా అభ్యంతరమంతా ఆ ‘నేర్చుకున్నారు’ అన్న మాట మీదే.

అది జూలై 10న కటలాన్లు, అంటే బార్సిలోనా ప్రాంతంవాళ్ళు, జరుపుకునే సంత్ క్రిస్తోఫుల్ (సెయింట్ క్రిస్టోఫర్) పండుగ. ఆ గుడి ఉన్నది రెగోమిర్ వీధిలో. రోమన్ల కాలంలో సముద్రం వైపు తెరుచుకున్న నగర ద్వారం అక్కడే ఉండేది కాబట్టి, బాటసారులను కాచే ఈ పునీతుడికి అంతకంటే తగిన చోటు దొరకదు. వీధిలోంచే దణ్ణం పెట్టుకుని పోగలిగేంత చిన్న గుడి అది. క్రిస్టోఫర్ అంటే క్రీస్తును మోసినవాడు. జనాన్ని భుజాల మీద ఎక్కించుకుని ఏరు దాటించే ఒక మహాకాయుడు ఒకనాడు ఒక పసివాడిని ఎత్తుకున్నాడనీ, నడి ఏటికి వచ్చేసరికి ఆ పిల్లవాడు లోకమంత బరువయ్యాడనీ, ఒడ్డు చేరాకగానీ తాను మోసింది ఎవరినో అతనికి తెలియలేదనీ కథ. ఆయన బొమ్మను చూసినవాడికి ఆ రోజు దుర్మరణం ఉండదని మధ్యయుగాలలో ఐరోపా అంతటా నమ్మేవారు. పొద్దున్నే స్టీరింగ్ పట్టుకునేవాడికి ఇంతకంటే కావలసింది ఏముంటుంది?

అక్కడ బండికి దీవెన అడగడం కారుతో మొదలైన అలవాటు కాదు. జనవరి 17న వచ్చే, జంతువులను కాచే పునీతుడు సంత్ అంతోని పండుగకు కటలాన్ బండివాళ్ళు తమ గుర్రాలనూ కంచరగాడిదలనూ తోలుకొచ్చి మూడు చుట్లు తిప్పి దీవెన పొందేవారు. దాని పేరే ‘త్రేస్ తోమ్స్’, అంటే మూడు చుట్లు. (మూడు ప్రదక్షిణలని మా బాబాయి గారికి చెబితే మళ్ళీ మొదటికి వస్తారేమో.) ఇగువలాదా పట్టణంలో 1822 నుంచీ ఈ ఊరేగింపు ఉంది. జంతువుకు జబ్బు చేస్తే బండివాడి ఇంట్లో పొయ్యి వెలగదు కనుక ఆ దీవెన అతనికి అలంకారం కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో గుర్రం స్థానంలోకి ఇంజను వచ్చింది, నీళ్ళు చల్లించుకోవడం మాత్రం మానలేదు. ఈనాడు ఆ పని మీద ఎక్కువ పట్టు టాక్సీవాళ్ళదీ లారీవాళ్ళదీ కావడంలో వింతేమీ లేదు.

పండితుల పట్టింపు వేరు. క్రిస్టోఫర్ పండుగ అసలు తేదీ జూలై 25. స్పెయిన్ రక్షక పునీతుడైన యాకోబు పండుగ కూడా అదే రోజు పడడంతో దాన్ని అక్కడ 10వ తేదీకి జరిపారు. 1969లో రోమ్‌లోని కాథలిక్ మతపీఠం తన సార్వత్రిక పండుగల పట్టిక నుంచి క్రిస్టోఫర్‌ను తీసేసి, జరుపుకోవడం స్థానికుల ఇష్టానికి వదిలింది. స్థానికులు తమ ఇష్టం ఏమిటో ఏటా జూలైలో చూపిస్తూనే ఉన్నారు. నాకు ఈ పండుగలో అన్నిటికంటే నచ్చింది ఈ మొండితనమే.

కొండగట్టులోనో బెజవాడ దుర్గమ్మ కొండ దగ్గరో కొత్త బండికి పసుపూ కుంకుమా పెట్టించేవాడి గుండెలో ఉన్న భయమే రెగోమిర్ వీధిలో వరుసలో ఆగినవాడి గుండెలోనూ ఉంది. ఇంటి నుంచి బయలుదేరిన మనిషి తిరిగి ఇల్లు చేరాలన్న కోరిక ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు. దాన్ని ‘మన నుంచే పోయింది’ అని చెప్పుకోవడం వల్ల మనకు పెరిగే గౌరవమేమీ లేదు సరికదా, వాళ్ళ బండివాళ్ళ చరిత్రంతా మన కళ్ళకు కనిపించకుండా పోతుంది.

ఇదంతా రాసి గ్రూపులో పెడితే బాబాయి గారు ఓపికగా చదివి, ‘అయితే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టరా?’ అని అడిగారు. పెట్టరండీ. నీళ్ళు చల్లి ముందుకు పొమ్మంటారు, వెనుక ఇంకా బండ్లు ఆగి ఉంటాయి.